శ్రీరంగనాయకులు గారి ప్లాటినం

ఎదుటివాళ్లకు ఏది ఉంటే అది తనకూ ఉందనడం శ్రీరంగనాయకులు గారి జబ్బు. ఏలూరులో ఆయన కిరాణా కొట్టుకు వచ్చి ఎవరేం చెప్పుకున్నా, చివర్లో "నాకూ ఉందండీ" అని ఆయన అనాల్సిందే.

కలిదిండి నుంచి వచ్చిన చేపల రైతు చిట్టిబాబు, "చెరువులో గాలందక చేప తేలుతోందండీ" అని వాపోతే, "నాకూ ఉందండీ చెరువు. అక్కడా అదే గోల" అన్నారు. చేప వాసనకే ముక్కు మూసుకునే మనిషికి చెరువెక్కడిదో ఎవరికీ అంతుబట్టలేదు. ఇంకోసారి ఆ వీధి అమ్మాయి బిందు కందిపప్పు కొంటూ, "వేవిళ్లు బాబాయ్ గారూ, ఏదీ లోపల ఆగట్లేదు" అంది.

"నాకూ ఉన్నాయమ్మా!"

కొట్టులో ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు. ఆయన భార్య నాగమల్లేశ్వరి పప్పు డబ్బాల వెనక్కి తప్పుకుంది.

పక్కింటి పుష్పలత టీచరుకి మాత్రం ఆ మాట వింటే చిర్రెత్తేది. "ఈయనకి లేనిదేమిటో ఒక్కటైనా కనిపెట్టాలండీ" అని భర్త రాజ్ కుమార్‌తో అనేది.

అంతలో ఆవిడకే తలనొప్పులు మొదలయ్యాయి. స్కాన్ తీస్తే మెదడులో ఒక రక్తనాళం బుడగలా ఉబ్బిందని తేలింది. పగిలితే ప్రాణానికే ముప్పు. తల కోయక్కర్లేదు, మణికట్టు దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి, ఆ బుడగలో ప్లాటినం తీగ నింపేస్తామన్నారు డాక్టరు. పుష్పలత ససేమిరా అంది.

"తలలో తీగ పెట్టుకుని ఎలా బతకనండీ? ఇంత ఊళ్లో ఎవరికైనా ఉందా?"

రాజ్ కుమార్ బతిమాలాడు. పాస్టరు గారు నచ్చజెప్పారు. ఆవిడ చలించలేదు. మర్నాడు సాయంత్రం శ్రీరంగనాయకులు గారు వచ్చి కూర్చున్నారు.

"ప్లాటినం తీగేనా టీచరు గారూ? నాకూ ఉందండీ!"

పుష్పలతకు ఒళ్లు మండింది. "ఎక్కడండీ?"

"తలలోనండీ. ఏనాడో పెట్టించాను. ఇదిగో, ఇక్కణ్ణుంచే పంపారు" అంటూ వాచీ పైకి జరిపి మణికట్టు మీద మచ్చ చూపించారు.

"గుచ్చుకోదాండీ?" ఆవిడ గొంతు తగ్గింది.

"వెంట్రుకంత సన్నం, మహా మెత్తనండీ. బుడగలోకి వెళ్లి ఉండలా చుట్టుకుంటుంది. ఇక రక్తం అందులోకి దూరదు."

"తల ఊపితే చప్పుడవుతుందా?"

ఆయన కళ్లు మూసుకుని తల గట్టిగా ఊపారు. "ఏమైనా వినబడిందాండీ?"

భయమంతా మొహంలో ఉండగానే పుష్పలత నవ్వేసింది. మర్నాడే ఆసుపత్రిలో చేరింది. అంతా సవ్యంగా జరిగింది.

ఇంటికొచ్చాక చూడ్డానికి వచ్చిన నాగమల్లేశ్వరిని, "అన్నయ్యగారి తలలో ప్లాటినం పెట్టించినప్పుడు మీరూ భయపడ్డారా వదినగారూ?" అని అడిగింది.

"ఆయన తలలోనా? అయ్యో, అందులో ఏమీ లేదండీ!"

"మరి మణికట్టు మీద మచ్చ?"

"బెల్లం కొడుతుంటే కత్తి తగిలింది." నాగమల్లేశ్వరి కాస్త ఆలోచించింది. "అందుకా! మీరు ఆపరేషన్ వద్దన్నారని తెలిసి, కొట్టు మూసి మీ డాక్టరు గారి దగ్గరికి పరిగెత్తారు. ఆ తీగ సంగతంతా చెబితేగాని లేవనని కూర్చున్నారట. ఎవరైనా ఒక్కరే కష్టపడుతుంటే ఆయన చూడలేరండీ."

పుష్పలతకు ఆ మనిషి మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఓపిక రాగానే కొట్టుకెళ్లింది.

"ఎలా ఉందండీ మీ ప్లాటినం?" అన్నారాయన.

"బాగుందండీ. మీది?"

"భేషుగ్గా ఉందండీ!"

"అయితే జాగ్రత్తండీ. ఈ ఎండల్లో మనలాంటివాళ్లు టోపీ తియ్యకూడదట."

ఆ మర్నాటి నుంచి శ్రీరంగనాయకులు గారు కొట్టులో ఫ్యాను కింద కూడా టోపీతోనే కూర్చునేవారు.