బానెట్టు మీద పెట్టిన ఫిడేలు ప్లేటు

మొన్న తిరువూరు వెళ్దామని విస్సన్నపేటలో బస్సెక్కితే కండక్టరు నా చేతిసంచి అందుకోబోయాడు. "ఇటివ్వండి సార్, ఇంజను బానెట్టు మీద పెడతాను. మీరు హాయిగా కూర్చోండి." అదే క్షణాన వేడెక్కిన రేకు వాసన, డీజిలు వాసన కలిసి నా ముక్కుకి తగిలాయి. "వద్దు బాబూ!" అని నేను పెట్టిన కేకకి డ్రైవరు బ్రేకు తొక్కాడు. వెనక సీట్లో నిద్రపోతున్న పెద్దాయన ఊరొచ్చేసిందనుకుని దిగబోయాడు. ఎవరిదో బుట్టలో కోడి కూడా లేచి నిలబడింది. ఇంతా చేసి ఆ సంచిలో ఉన్నవి నాలుగు వంకాయలు, ఒక తువ్వాలు. ఈయనకి పిచ్చేమో అన్నట్టు చూశారందరూ. పాపం, వాళ్ళకి ఎస్తేరు టీచరుగారు తెలియదు కదా.

డెబ్భైలలో నేను తిరువూరు తాలూకా ఆఫీసులో కొత్త గుమాస్తాని. ఎస్తేరు టీచరుగారు బడిలో లెక్కలు చెప్పేవారు. మనిషి ఐదడుగులకి రెండంగుళాలు తక్కువ. ఆవిడ మౌనం మాత్రం తాటిచెట్టంత. ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనం చేసి, మూడు గంటలకి ముందుగది తలుపు తీసేవారు. కుట్టుపని చేసిన తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద రికార్డు ప్లేయరు ఉండేది. గంపలగూడెం నుంచి కోటేశ్వరరావుగారనే రైతు మోటారుసైకిలు మీద సన్నాయి ప్లేట్లు పట్టుకొచ్చేవారు. పోస్టుమాస్టరుగారు హిందీ పాటలు తెచ్చేవారు. నేను చెవులు మాత్రం తెచ్చేవాణ్ణి. "ఈ వారం ఏం వింటున్నారు?" అని టీచరుగారు అడగగానే ఎవరి ప్లేటు వాళ్ళు బల్ల మీద పెట్టాలి. పాట నడుస్తున్నంతసేపూ దగ్గు కూడా రాకూడదు. పాట అయ్యాక తెచ్చినవాళ్ళూ, విన్నవాళ్ళూ మాట్లాడాలి. 'బాగుంది' అనే మాట మాత్రం ఆ ఇంట్లో నిషిద్ధం.

మొదటివారం నేను ఆ తప్పే చేశాను. టీచరుగారు కళ్ళద్దాలు సవరించుకున్నారు. "ఎక్కడ బాగుంది శేషగిరీ?"

"మొత్తం బాగుందండి."

"మొత్తం అంటే నువ్వు వినలేదన్నమాట. వేలు పెట్టి చూపించు."

కోటేశ్వరరావుగారు కండువా నోటికి అడ్డం పెట్టుకుని, "ఆఫీసులో సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తారే, అట్టా చూపించండి గుమాస్తాగారూ" అన్నారు. ఆవేళ నాకు పట్టిన చెమటతో గంపలగూడెం వరిపొలాలన్నీ తడిసి ఉండేవి. ఆ తరవాత ఏ పాట విన్నా, ఎక్కడ, ఎందుకు అని వెతుక్కుంటూ వినడం అలవాటైంది.

టీచరుగారి దగ్గర ఒక ఫిడేలు ప్లేటు ఉండేది. చిన్నప్పుడు బందరులో ఆవిడకి ఫిడేలు నేర్పిన మాస్టారు వాయించినది. ఆయన జన్మలో రికార్డు చేయించింది ఆ ఒక్క ప్లేటే. ఆయన పోయారు, ప్లేటు కొట్లలో దొరకడం కూడా మానేసింది. ఆ ఎండాకాలం నేను, ఇంకోసారి తీరిగ్గా వింటానండి, ఒక్క వారం ఇవ్వండి అని బతిమాలాను.

"నీ దగ్గర ప్లేయరు లేదుగా?"

"విస్సన్నపేటలో మా బావ దగ్గర ఉందండి."

ఆవిడ చాలాసేపు ఆలోచించారు. ఆ ఆలోచన పూర్తయ్యేలోపు బయట రెండు బస్సులు వెళ్ళిపోయాయి. చివరికి అట్ట మీద చెయ్యి వేసి నిమిరి, నా చేతికిచ్చారు. "ఎండ తగలనీకు."

"తగలనిస్తానా టీచరుగారూ!"

తగలనివ్వలేదు. గొడుగు కింద బస్సు దాకా పసిబిడ్డలా మోసుకెళ్ళాను. బస్సులో నిలబడే చోటు కూడా లేకపోతే కండక్టరు సంచి అందుకుని బానెట్టు మీద పెట్టాడు. నీడలోనే ఉంది కదా అని నేను సంతోషించాను. దాని కింద ఇంజను కుతకుత ఉడుకుతోందన్న సంగతి నా డిగ్రీ చదువులో ఎక్కడా చెప్పలేదు. మా బావ ప్లేటు బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఏరా, ఇది వినడానికి తెచ్చావా, పులుసు పోసుకోవడానికా?" అన్నాడు.

అంచులన్నీ అప్పడంలా లేచిపోయాయి. గదికి తెచ్చి పరుపు కింద పెట్టి మీద పడుకున్నాను. సన్నికల్లు ఎత్తి పెట్టాను. ఆఫీసుకి పట్టుకెళ్ళి, తాలూకాలోని పొలాల రిజిస్టర్లన్నీ దాని మీద పేర్చాను. నెమలి ఊరు, విస్సన్నపేట, గంపలగూడెం, మొత్తం భూమండలం బరువు పడినా ఆ అంచు మాత్రం తల దించలేదు. నాకు అన్నం సయించడం మానేసింది. వీధిలో ఎవరి గొంతు వినబడినా టీచరుగారే వస్తున్నారనిపించేది.

ఆదివారం రానే వచ్చింది. "తెచ్చావా?"

"ఇంకా వింటున్నానండి."

ఆ ఇంట్లో ఇంకా వింటున్నవాడి దగ్గర ప్లేటు తిరిగి తీసుకోరు. అదొక మర్యాద. కాకపోతే కొత్తగా ఏం విన్నాడో ప్రతివారం చెప్పాలి. రెండోవైపు మొదట్లో ఫిడేలు, ఎత్తు ఎక్కబోయే బస్సులా ఒక్క క్షణం తటపటాయించిందని కల్పించి చెప్పాను. ఆవిడ తల ఊపారు. ఆ ఊపుకి నా ధైర్యం దూలం దాకా పెరిగింది. మరుసటి ఆదివారం, "మృదంగం ఆయన ఒకచోట లోలోపల నవ్వుకుంటూ వాయించాడండి" అన్నాను. పోస్టుమాస్టరుగారు, అబ్బ, ఎంత బాగా పట్టుకున్నాడండీ అన్నారు. టీచరుగారు మాత్రం నా కప్పులో ఇంకాస్త టీ పోశారు.

గదికెళ్ళి మొదటిసారిగా అట్ట వెనక చదివాను. ఆ ప్లేటులో మృదంగం లేదు. ఘటం ఒక్కటే.

ఆ వారం ఏడు రోజులు కాదు, ఏడు నెలలు. ఊరొదిలి వెళ్ళిపోదామా అనుకున్నాను. బదిలీకి అర్జీ రాసి చించేశాను. ఆదివారం మూడింటికి ప్లేటు పట్టుకెళ్ళి, ఎవరూ అడగకముందే బల్ల మీద పెట్టాను. టీచరుగారు దాన్ని అట్టలోంచి తీశారు. పమిటచెంగుతో అవసరమైనదానికన్నా ఎక్కువసేపు తుడిచారు. నా లెక్కలేనన్ని అతిశయోక్తుల్లో ఇది ఒకటి కాదు.

ముల్లు పెట్టారు. అది అలల మీద పడవలా లేచి పడింది. మాస్టారి ఫిడేలు ఒకచోట మూలిగింది, ఒకచోట వెక్కింది. నియమం ప్రకారం ఎవరూ దగ్గలేదు. ఆ వైపు అయిపోయేదాకా అందరూ విన్నారు. అంత పొడుగాటి పాట నేను మళ్ళీ వినలేదు.

"పాడుచేశానండి" అన్నాను. "బస్సులో బానెట్టు మీద పెట్టనిచ్చాను. తీసుకెళ్ళాక ఒక్కసారైనా వినలేదు. ఇన్నాళ్ళూ చెప్పినవన్నీ అబద్ధాలు."

తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆవిడ నావైపు చూడకుండానే, "ఎక్కడ పాడైంది?" అన్నారు.

"మొత్తం అండి."

"మొత్తం అంటే నువ్వు వినలేదన్నమాట."

మళ్ళీ ముల్లు మొదట్లో పెట్టారు. "పోనీలెండి టీచరుగారూ, కుర్రాడు ఏడ్చేటట్టున్నాడు" అన్నారు కోటేశ్వరరావుగారు. ఆవిడ వినిపించుకోలేదు. నేను విన్నాను. ప్రాణాలన్నీ చెవుల్లో పెట్టుకుని విన్నాను. మొదటి పాటలో ప్రతి చుట్టుకీ రెండుసార్లు స్వరం వంగుతోంది. రెండోది సగం వరకూ తూలింది. అక్కణ్ణుంచి లోపలికి వెళ్ళేకొద్దీ తూలడం తగ్గింది. చివర్న ఉన్న చిన్న పాట, ప్లేటు నడిమధ్య కాగితం పక్కన, ఒక్క వంకర లేకుండా నిటారుగా నిలబడింది. నేను అక్కడ వేలు పెట్టాను.

"ఇది మిగిలిందండి."

టీచరుగారు కళ్ళు తుడుచుకున్నారు. "మొదటి రెండూ మాస్టారు నాకు నేర్పారు. ఎప్పుడైనా నేనే వాయించుకుంటాను. ఇది నాకు రాదు" అన్నారు. తరవాత, "వచ్చేవారం నువ్వేం వింటున్నావో తెచ్చుకో" అన్నారు. ఆ మాటతో నాకు ఆ గదిలో చోటు ఉండిపోయింది. అయితే నేను అక్కణ్ణుంచి బదిలీ అయ్యేదాకా ఆవిడ నాకు మరో ప్లేటు ఎరువివ్వలేదు. నేనూ అడగలేదు.

ఇప్పటికీ నేను నాలుగు రాస్తే పద్నాలుగు అబద్ధాలుంటాయి. అవి మీకు అలవాటే. కానీ ఎవరికైనా చెరుపు చేసినప్పుడు, క్షమించండి అని చప్పున అనేసి బయటపడబోతే, ఎక్కడ అని ఒక చిన్న గొంతు అడుగుతుంది. అప్పుడు మొదటినుంచీ మళ్ళీ వినాలి. చాలాసార్లు భయమేస్తుంది. ఏదో ఒక మూల కొంత మిగిలే ఉంటుందని కూడా అప్పుడే తెలుస్తుంది.

కండక్టరు ఇంకోసారి అడిగాడు, "బరువు కదా సార్?" అని. బరువేనయ్యా అన్నాను. నాలుగు వంకాయలనీ తిరువూరు దాకా ఒళ్ళో పెట్టుకునే వెళ్ళాను.