మూటకు ముడి లేదు

2023 వానాకాలం. నా రిటైర్మెంట్‌కు ఇంకా ఎనిమిది నెలలున్నాయి. కామారెడ్డి క్రైమ్ టీమ్‌లో ఏఎస్సైని. ఎల్లారెడ్డి దగ్గర ఒక ఊరి బయట ఒకప్పటి దొరల పాత గడి ఉంది. దాని గదులను వారసులు ముసలివాళ్లకు అద్దెకిచ్చారు. అక్కడుండే రాజవ్వ వెండి కడియాలు పోయాయని పిలుపొస్తే వెళ్లాం. వాటితోపాటు ఆమె బీడీ ఆకు కత్తిరించుకునే కత్తెర కూడా పోయింది.

నాతో వచ్చిన ఎస్సైకి ముప్పై ఏళ్లు కూడా లేవు. నేను చెప్పులరిగేలా తిరిగి పట్టే దొంగను అతను టవర్ లొకేషన్, సీసీ ఫుటేజీ చూసి గంటలో పట్టేవాడు. అతన్ని చూస్తే నాకు కడుపుమంట. మనిషి మంచివాడు కావడం వల్ల ఇంకా మండేది.

పది గంటలకల్లా గడి వాచ్‌మన్ సాయన్న మంచం కింద కడియాలు, కత్తెర ఉన్న మూట దొరికింది. పంచనామా రాశాం. అంటే దొరికిన వస్తువు ఎక్కడ, ఎలా ఉందో సాక్షుల ముందు రాసే కాగితం.

"నాకేం ఎర్క లేదు సారూ. నా అర్రకు తాళమే లేదు," అన్నాడు సాయన్న. డెబ్బై ఏళ్ల మనిషి. ఆ గేటు గది తప్ప తలదాచుకునే చోటు లేదు. గడి మేనేజర్ అప్పటికే అతని సామాను బయట పెట్టిస్తున్నాడు.

మూట చూడగానే నాకు తెలిసిపోయింది. దారానికి ముడి లేదు. రెండు చుట్లు చుట్టి కొసను లోపలికి దోపారు. మా అమ్మ బీడీలు చేసేది. బీడీలు చేసే చెయ్యి దేన్ని కట్టినా అలాగే కడుతుంది. పైగా చుట్లు ఎడమకు తిరిగాయి. వరండాలో రాజవ్వ పక్కన కూర్చుని, అక్కడే ఉండే గంగవ్వ ఎడమ చేత్తో బీడీలు చుట్టడం పొద్దున్నే చూశాను.

అయినా నోరు విప్పలేదు. ఎస్సై తప్పు నలుగురిలో బయటపడాలని నా ఆశ. సాయన్నను జీపెక్కిస్తుంటే చూస్తూ నిలబడ్డాను.

సాయంత్రం నాలుగింటికి స్టేషన్లో అందరి ముందూ చెప్పాను. ఎస్సై ముఖం చిన్నబోతుందనుకున్నాను. అతను మాత్రం, "నాకు గూడ నేర్పండి సార్," అన్నాడు.

సాయన్నను జీపులో వెంటబెట్టుకుని గడికి తిరిగి వెళ్లాం. అతను దిగేలోపే నేను వెళ్లి అడిగితే గంగవ్వ దాచలేదు.

"నలభై ఏండ్ల సంది పక్కపక్కన కూసుంటున్నం సారూ. దాని బీడీలు కార్ఖానల సూడకుండనే తీసుకుంటరు. నాయి కింద పోసి ఏరుతరు. కత్తెర లేకుంటె అదెట్ల చేస్తదో సూద్దామనుకున్న. కడియాలు ఆ కత్తెర డబ్బలనే ఉండె. తాళం లేని అర్రని ఆడ దాసిన, సాయన్న మీదికి పోతదనుకోలే."

"అడిగితే కత్తెర ఇయ్యకపోదునానే," అంది రాజవ్వ. కేసు వద్దంది.

సాయన్న జీపు దిగగానే గంగవ్వ ఎదురెళ్లి, "తప్పయింది అన్నా," అంది. అతను ఆమెను దాటుకుని వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నువ్వు లేకుంటె నా బతుకు ఏమైపోతుండె సారూ."

ఆధారం కంటపడిన నిమిషం నుంచి అది పోలీసు సొత్తు కాదు, నింద మోసేవాడిది. ముప్పై ఐదేళ్ల సర్వీసులో నేను నేర్చుకున్న ఆఖరి పాఠం అది. ఆ పూట సాయన్న ఆరు గంటలు నేను తిన్నాను. మొన్న అటు వెళ్తే పిలిచి చాయ్ పోశాడు. గంగవ్వ అన్న ఆ ఒక్క మాట నాకింకా నోట రాలేదు. చాయ్ తాగి వచ్చేశాను.