రైలు పుట్టే ఊరు

నాకు రేచీకటి. పొద్దు గూకితే చాలు, లోకం మీద ఎవరో గోనెసంచి కప్పినట్టు ఉంటుంది. చిన్నప్పుడు మా దుమ్ముగూడెంలో దీన్ని ఎవరూ జబ్బు అనుకోలేదు. "దీనివి కోడి కండ్లు, సందెకాడనే గూట్లకు పోతది" అని నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. పెళ్లయి భద్రాచలం వచ్చిన కొన్నేళ్లకు హైదరాబాదులో కంటి డాక్టరు చెప్పేదాకా, ఇది రాత్రితో ఆగే సంగతి కాదని తెలియలేదు. చూపు అంచుల నుంచి మూసుకుంటూ వస్తుందట. ఎప్పటికి పూర్తిగా పోతుందో చెప్పలేనన్నాడు. మందు లేదన్నాడు.

తిరుగు బస్సులో నేను ఏడవలేదు. ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు వచ్చి నేను చూసిందేమిటి? ఇటు పర్ణశాల, అటు భద్రాచలం వంతెన, మధ్యలో గోదావరి. హైదరాబాదు వెళ్లి కూడా ఆస్పత్రి గోడలే చూసి వస్తిని! ఇల్లు చేరగానే మా ఆయనతో చెప్పేశాను.

"కండ్లు ఉన్నన్ని రోజులు చూస్త. రైలెక్కి ఎన్ని ఊర్లు దొరికితే అన్ని ఊర్లు చూస్త. ఏమంటవ్?"

ఆయన నోట్లో నాలుక లేని మనిషి. "అవ్" అన్నాడు.

అనడం తేలికే. భద్రాచలానికి రైలు లేదు. నది దాటి, అడవి దారిలో బస్సు పట్టుకుని కొత్తగూడెం పోతే తప్ప రైలు మొహం కనబడదు. పోయి వచ్చేసరికి చీకటి. పోనీ రాత్రికి ఎక్కడైనా ఉండిపోదామంటే, అలా మొదటిసారి పోయిన వరంగల్లు లాడ్జిలో బాత్రూం అనుకుని పక్క గది తలుపు తోసి, అందులోవాళ్ల చేత తిట్లు తిని ఒట్టు పెట్టుకున్నాను. పరాయి ఊళ్లో పడుకోను. మా వైపు ఇల్లు కదిలేటప్పుడు ఎవరూ "పోత" అనరు, అది అపశకునం, "పోయొస్త" అంటారు. నా ప్రయాణాలన్నీ ఆ మాటకు కట్టుబడి ఉండాలి. పోవాలి, రావాలి, అదీ దీపాలు పెట్టకముందే రావాలి. అంటే రైలుండే ఊళ్లో కాపురం పెట్టాలి.

ఏ ఊరు? ఒక ఆదివారం గుడి నుంచి, అంటే మా చర్చి నుంచి, వచ్చాక మా ఆయన వంటింట్లో కింద మూడు కూరగాయలు పెట్టాడు. ఉల్లిగడ్డ ఖమ్మం, టమాట డోర్నకల్లు, వంకాయ కొత్తగూడెం. నేను ఉల్లిగడ్డ పట్టుకున్నాను. పెద్ద ఊరు, రైళ్లకు కొదవ లేదు. మా అత్తమ్మ టమాట మీద చెయ్యి వేసింది. "ఆడ పెద్ద గుడి ఉన్నది. నీకు కండ్లియ్యాల్నంటే దేవునికి దగ్గరుండాలె కోడలా" అంది. ఆయన మాత్రం వంకాయ తీసి నా చేతిలో పెట్టాడు.

"ఖమ్మంల రైళ్లు మస్తుగ ఆగుతయ్. కానీ నిండి వస్తయ్. డోర్నకల్ల గూడ గంతే. నీకు కిటికీ ఏడ దొరుకుతది? కొత్తగూడెంల రైలు పుడతది. పొద్దున్నే ఖాళీ బండి నిలబడి ఉంటది. కిటికీ మనదే."

పెళ్లయ్యాక ఆయన నోట అంత పొడుగు మాట వినడం అదే మొదలు. ఇంకేం అంటాను? వంకాయ గెలిచింది. రాత్రికి అదే కూర.

కొత్తగూడెంలో ఉన్న స్టేషను పేరు భద్రాచలం రోడ్డు. ఆ పేరు చూసి దిగి, "రాముడి గుడి ఎటువైపండీ?" అని అడిగే భక్తులు ఇప్పటికీ ఉంటారు. మా అత్తమ్మకు ఆ పేరు తెగ నచ్చేసింది. "పేరు మనూరిదే గదా, ఊరు మారినట్టే కాదు" అనుకుంటూ వాడకట్టంతా తిరిగి, "మేం రోడ్డు మీదికి పోతున్నం" అని చెప్పి వచ్చింది. ఇంకేముంది! మేం రోడ్డున పడ్డామనుకుని జనం పరామర్శకు వచ్చారు. ఒకామె బియ్యం కూడా తెచ్చింది. నేను నవ్వలేక, ఏడవలేక ఆమెకు చాయ పెట్టి ఇచ్చాను. ఆయన గోడకు ఆనుకుని నవ్వుతూనే ఉన్నాడు. ఆయన నవ్వాడు గానీ, ఆ మాటే నిజమైంది.

ఎందుకంటే భద్రాచలంలో ఆయనకు సొంత షాపు ఉండేది. కాలిపోయిన బోరు మోటార్లకు రాగితీగ చుట్టే పని. ఆయన చుట్టిన మోటారు మళ్లీ కాలదని దుమ్ముగూడెం దాకా పేరు. ఆ షాపు మూసేశాడు. కొత్తగూడెంలో వేరేవాళ్ల షాపులో జీతానికి కుదిరాడు. షాపు బోర్డు పారేయడానికి మనసొప్పక వెంట తెచ్చాడు. అది మా నీళ్ల డ్రమ్ము మీద మూత అయింది. నీళ్లు ముంచుకునేటప్పుడల్లా దాన్ని ఎత్తి పక్కన పెట్టేదాన్ని. చూపు అంచులు మూసుకుపోతున్నా ఆ బోర్డు మీది ఎర్ర అక్షరాలు మాత్రం నాకు శుభ్రంగా కనబడేవి. ఎంకి పెళ్లి సుబ్బి చావుకొచ్చింది అనుకునేదాన్ని. నా సరదా ఈ మనిషిని కూలివాణ్ణి చేసింది.

ఈ మాట రాయనని ఇప్పుడే పెన్ను కింద పెట్టాడు. అవును, నేను చెబుతుంటే రాసేది ఆయనే. "కూలేంది? జీతమే గదా" అంటున్నాడు. రాయవయ్యా అంటే మళ్లీ తీశాడు.

ఒకనాడు సద్ది ఇవ్వడానికి షాపుకు వెళ్లాను. అదే సమయానికి పాత గిరాకీ ఒకాయన మోటారు తెచ్చాడు. కోస్తా నుంచి వచ్చి మా నది పక్కన పొలాలు కొనుక్కున్న రైతు. మా ఆయన్ను చూసి నిలబడిపోయాడు. "అదేంటి మేస్త్రీ, ఇక్కడ పనిలో చేరావా? నీకేం ఖర్మయ్యా?" అన్నాడు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. మా ఆయన నా పేరు చెబుతాడనుకున్నాను. చెబితే బాగుండుననీ అనుకున్నాను. ఆయన మోటారు విప్పుతూ, "గోదావరి గాలి పడ్తలేదు" అన్నాడు. గోదావరిలో ఈదుతూ పెరిగిన మనిషి! టిఫిన్ డబ్బా అక్కడ పెట్టి ఇంటికి వచ్చేశాను.

ఆదివారం ఆయనకు సెలవు. అంటే ఆదివారమే మా ప్రయాణం, అంటే గుడి ఎగ్గొట్టడం. ఆ పాపం కూడా నా ఖాతాలోదే. అందుకని మొదటి ఆదివారం దేవుడికి లంచంగా డోర్నకల్లు పెద్ద గుడికి వెళ్లి ఆరాధనలో కూర్చున్నాం. ఆ తర్వాత మొహమాటం పోయింది. ఖాళీ బండి ఎక్కగానే ఆయన తువ్వాలుతో కిటికీ ఊచలు తుడిచి నన్ను కూర్చోబెట్టేవాడు. ఎదురు సీట్లో తను. విజయవాడ మీద ఆశ పెట్టుకోలేదు, వెలుగుండగా తిరిగి రాలేం. ఖమ్మం ఖిల్లా ఎక్కాం. మధిరలో దిగి ఊరికే బజారు తిరిగి, మిరపకాయ బజ్జీలు తిని తిరిగొచ్చాం. ఊళ్ల కంటే నాకు దారే ఎక్కువ నచ్చేది. టేకులపల్లి వైపు అడవిలో మాఘం వెళ్లాక మోదుగులు పూసేవి. ఆకు ఒక్కటి ఉండదు, చెట్టంతా నిప్పే. కారేపల్లి దగ్గర కళ్లాల్లో ఎండబోసిన మిరపకాయలు. నేను చిన్నపిల్లలా అరిచేదాన్ని. సగం దారిలో గుర్తొచ్చేది, ఈయన వారమంతా వంగి తీగ చుట్టి వచ్చాడని. "జర పండుకో" అనేదాన్ని. "నిద్రొస్తలేదు" అనేవాడు.

ఒకసారి తిరుగు బండి కారేపల్లి ఇవతల ఆగి, ఇక కదల్లేదు. కిటికీలో చెట్లు ముందు నల్లబడ్డాయి, ఆ తర్వాత లేకుండా పోయాయి. భయమేస్తే నాకు నోరు లేస్తుంది.

"నీ రైలు పుట్టే ఊరు మీద మన్నువడ! హాయిగ షాపు నడుపుకోక నా మాట ఎందుకు విన్నవ్? ఎవడు వినమన్నడు నిన్ను?" అని రైలు డబ్బాలో అందరి ముందూ అరిచాను.

ఆయన నా చెయ్యి తన మోచేతి మీద పెట్టుకున్నాడు. "రైలుకు గూడ రేచీకటే అయితది. జర ఆగు" అన్నాడు. డబ్బాలో వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం కుమిలిపోయాను, ఇంత మంచితనాన్ని ఏం చేసుకోవాలో తెలియక.

చూపు చివరికి గడ్డిపోచ సందంత అయింది. ఆ తర్వాత అదీ పోయింది. ప్రయాణాలు ఆగాయి, కొత్తగూడెంలోనే ఉండిపోయాం. ఒక సాయంత్రం పాతవన్నీ తలుచుకుంటూ, "ఆ మోదుగులు యాదికున్నయా? ఒక్క ఆకు లేకుంట, ఆ ఎరుపు?" అన్నాను.

"ఏ మోదుగులు?"

ఎకసెక్కం అనుకున్నాను. "టేకులపల్లి దిక్కు. రైల్లకెల్లి చూడలే?"

"నేనేడ చూసిన?" అన్నాడు. "నువ్వు చెయ్యి బయట పెడ్తవేమో, వేళ్లు ఊచల్ల ఇరుకుతయేమోనని నీ దిక్కే చూస్కుంట కూసున్న. నవ్వితే మంచిగుంటవ్ గూడ."

ప్రభువా! షాపు పోయింది, సెలవులు పోయాయి, అవన్నీ తెలిసినవే. రెండు కళ్లూ నిక్షేపంగా ఉండి అంత అడవీ, అంత ఎరుపూ చూడకుండా వచ్చాడా ఈ మనిషి? ఒక మనిషి చూడాల్సిన లోకాన్ని కూడా నేనే తినేశానా? ఆ రోజు నుంచి పోరు పెట్టాను, మళ్లీ రైలెక్కుదామని. "నీకేం కనబడ్తదని?" అన్నాడు. "నాకు గాదు" అన్నాను.

మోదుగులు పూసే కాలం చూసి ఒక ఆదివారం ఎక్కాం. ఖాళీ బండి. ఈసారి తువ్వాలుతో ఊచలు నేను తుడిచి, ఆయన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి ఎదుట కూర్చున్నాను. బండి ఊరు దాటింది. గాలిలో ఇప్పపువ్వు వాసన వచ్చింది.

"అడివొచ్చిందా? ఏం కనబడ్తున్నది?"

"చెట్లు."

"ఏం చెట్లు?"

"మోదుగులే. మస్తున్నయ్, ఎర్రగ."

కళ్లు పోయాక మాట ఎటు నుంచి ఎటు వస్తుందో నాకు ఇట్టే తెలుస్తుంది. ఆయన మాట తిన్నగా నా మొహం మీద పడుతోంది.

"కిటికీ దిక్కు తిరుగు" అన్నాను.

"తిరిగే ఉన్న" అన్నాడు.

ఆ మాట కూడా నా మొహం మీదే పడింది.