నడిరోడ్డు మీద హాజరు

అరకు పైన కొండల్లో మాది మిషను బడి. ఒకటే గది, ఒకటే టీచరు. ఆ టీచరుని నేనే. సర్కారు గ్రాంటు వస్తే యాజమాన్యం జీతమిచ్చేది, రాకపోతే "దేవుడు చూసుకుంటాడమ్మా" అనేది. దేవుడు చూసుకునేవాడే గానీ, పార్వతీపురంలో మా అమ్మ ఊరుకునేది కాదు. "కట్టుకోడానికి రెండో సీర నేదు, ఏటి నీ ఉద్దేగం? ఇంటికొచ్చీ" అని సెలవుకి వెళ్ళిన ప్రతిసారీ పోరు.

అంతలో శాసనసభలో చట్టం మారిందన్నారు. ఎయిడెడ్ బడి టీచర్లకి ఇకమీదట నెలనెలా జీతం నేరుగా ట్రెజరీ నుంచేనట. విని ఎగిరి గంతేశాను. మెలిక తర్వాత తెలిసింది. అధికారి వచ్చి, సరిపడా పిల్లలున్నారని కళ్ళారా చూస్తేనే బడి లెక్కలోకి వస్తుంది, లేదంటే ఎత్తేస్తారు. ఎత్తేస్తే నేను మూటాముల్లె సర్దుకుని కొండ దిగాల్సిందే. నాకేమో దిగబుద్ధి కాలేదు. ఆ పిల్లల మీద విసుక్కోవడం కూడా నాకు ఇష్టంగానే ఉండేది.

ఆ అధికారి ఎప్పుడొచ్చాడనుకున్నారు? సరిగ్గా ఆ కొండవాళ్ళ ఇటుకల పండగలో. చైత్రంలో ఆ పండగొస్తే మగవాళ్ళు అడవికి వేటకి పోతారు. ఉత్త చేతులతో తిరిగొచ్చినవాడి మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు పోస్తారు. ఈలోపు ఆ ఆడవాళ్ళే పిల్లల్ని వెంటేసుకుని, రోడ్డుకి పొడుగాటి వెదురుబొంగు అడ్డం పట్టుకుని నిలబడతారు. బస్సయినా లారీ అయినా డబ్బులిస్తేనే దారి. బడికి చీమ కూడా రాదు. హైదరాబాదు క్యాలెండరులో ఈ పండగకి ఎర్రసిరా లేదు, పాపం ఆయనకెలా తెలుస్తుంది!

ఖాళీ బళ్ళో కూర్చోలేక నేనూ రోడ్డు మీదికి పోయాను. అప్పుడే సర్కారు జీపొకటి వచ్చి వెదురు ముందు ఆగింది. కళ్ళజోడు పెద్దమనిషి తల బయటపెట్టి, "మిషను బడి తనిఖీకి వెళ్ళాలి, అడ్డం తీయండి" అన్నాడు. పరుగున వెళ్ళి వెదురు పట్టుకు లాగాను. అది కదిల్తేగా! అటు కొస పట్టుకున్నది నాకు రోజూ అంబలి పోసే పక్కింటామె.

"పంతులమ్మా, ఏటి సేత్తన్నావు? నువ్వు ఆడదానివి కావేటి? ఇటేపు నిలబడు."

"అయ్యబాబోయ్, ఆయన మన బడి కోసమే వచ్చారు. బేగి ఒదులు!"

"ఎవులైతే ఏటి? డబ్బులెట్టి ఎల్లమను."

అధికారి జీపు దిగాడు. "మీరేనా టీచరు? బళ్ళో ఉండాల్సిన పిల్లలేరీ?"

అప్పటికి నాకు భయంకన్నా ఒళ్ళుమంటే ఎక్కువైంది. "ఇదిగో, ఈ వెదురు పట్టుకున్నవాళ్ళే నా పిల్లలు. కావాలంటే హాజరు పిలుస్తాను" అన్నాను. రిజిస్టరు బళ్ళో ఉంది. ఉంటేనేం, పేర్లన్నీ నాకు నోటికొచ్చు. నడిరోడ్డు మీద గొంతెత్తి పిలిచాను. వెదురు వదలకుండానే ఒక్కొక్కరూ "ప్రెజెంట్!" అని అరిచారు. వెనకాల ఆగిన లారీ డ్రైవరు హారన్ కొట్టడం మానేసి చూస్తున్నాడు.

కానీ పెద్ద మగపిల్లలు తండ్రుల వెంట వేటకి పోయారు. వాళ్ళ పేర్లకి జవాబు లేదు. ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని పెదవి విరిచాడు. రాడని తెలిసి కూడా మరో పేరు పిలిచాను. "ప్రెజెంట్!" అని నాలుగు గొంతులు కలిసి లేచాయి. చూస్తే మేకలు కాసే ఆడపిల్లలు. ఒక్కనాడూ బడి గడప తొక్కనివాళ్ళు, చెవులదాకా నవ్వుతూ నిలబడ్డారు.

"వీళ్ళూ మీ పిల్లలేనా?" అన్నాడాయన.

ఔనంటే గట్టెక్కేదాన్ని. నోరు రాలేదు. "కాదండీ. ఎంత బతిమాలినా వీళ్ళ అమ్మలు పంపలేదు" అన్నాను. ఇక మా అమ్మ మాటే నెగ్గింది అనుకుని కళ్ళు తుడుచుకున్నాను.

"ఇవాళ చేర్చుకోకూడదని చట్టంలో ఎక్కడా లేదుగా" అని ఆయన తల్లుల వైపు తిరిగాడు. "దారికి డబ్బులిస్తాను. ఈ నలుగుర్నీ బడికి పంపుతారా?"

ఆడవాళ్ళు తమ భాషలో గుసగుసలాడుకున్నారు. నలుగురిలో ఒకతె నా పక్కింటామె కూతురే. "డబ్బులెట్టి, మాతో థింసా కూడా ఆడితే అంపుతాం" అంది ఆమె. ఆయన చెప్పులు విడిచి, బొజ్జతో సహా వాళ్ళ నాట్యం వరసలో కలిశాడు. వేసిన ప్రతి అడుగూ తప్పే. అంతలా నవ్విన రోజు నా ఉద్యోగంలో మరొకటి లేదు.

పండగ వెళ్ళాక ఆ నలుగురూ నిజంగానే బడికొచ్చారు. డబ్బులు పుచ్చుకుని మాట తప్పితే ఊళ్ళో పరువు పోదూ! లెక్క సరిపోయి బడి నిలబడింది. వాళ్ళకి పలక ఎటు పట్టుకోవాలో తెలీదు గానీ హాజరు మాత్రం బాగా వచ్చు. నేను ఎవరి పేరు పిలిచినా నలుగురూ ఒక్క గొంతుతో "ప్రెజెంట్!" అనేవారు. అసలు పేరుగలవాడు ఉడుక్కునేవాడు. అయినదానికీ కానిదానికీ కసిరే నేను ఆ ఒక్క తప్పుకి మాత్రం వాళ్ళని ఏనాడూ కసరలేదు. ఆ అరుపు విన్నప్పుడల్లా, ఇంకా కొండ మీదే ఉన్నానని నాకు సంతోషం వేసేది.