ఎంత బిగించాలి

ఆమె పని ఇంటింటికీ వెళ్లి కట్లు మార్చడం. ఆపరేషన్ అయి మంచం దిగలేనివాళ్లు, షుగరుతో కాళ్లు పుళ్లు పడ్డవాళ్లు, మూత్రం పైపు మార్చాల్సిన ముసలివాళ్లు, ఇలా రోజుకు ఏడెనిమిది ఇళ్లు. భర్త కంపెనీ బస్సులో పనికి పోవడం మొదలుపెట్టాక అతని మోటారు సైకిలు ఆమె చేతికి వచ్చింది. వెనక సీటుకు మందుల పెట్టె కట్టుకుని రోజంతా దానిమీదే తిరిగేది. కట్ల నర్సు అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు.

మామగారిని అందరూ పానా తాత అనేవారు. పంపుల ఫ్యాక్టరీలో ముప్పయ్యారేళ్లు ఫిట్టరుగా చేశాడు. రిటైరైన రోజు ఫ్యాక్టరీవాళ్లు గోడ గడియారం ఇస్తే, ఇంటికి తెచ్చి, విప్పి, లోపల ఎలా ఉందో చూసి, మళ్లీ బిగించాకే గోడకు తగిలించాడు.

ఒకసారి సర్వీసు షాపు బిల్లు ఆయన కంటపడింది. ఆయిలుకూ ఫిల్టరుకూ కలిపి ఐదు వందలు. మిగతా తొమ్మిది వందలు లేబరు, వాషింగు, జనరల్ చెకప్. చెకప్ అంటే ఏమిటని అడిగాడు. బండిని ఒకసారి అంతా చూస్తారని ఆమె చెప్పింది.

"చూసినందుకు కూడా డబ్బులేనా?" అన్నాడాయన.

ఇలా అయితే తడిసి మోపెడవుతుందని, ఇకమీదట బండిమీద బయటివాడి చెయ్యి పడనివ్వనని తేల్చేశాడు. అన్నట్టే చేశాడు. మూడు నెలలకోసారి ఆదివారం పొద్దున్నే మెట్ల దగ్గర పాత దుప్పటి పరిచేవాడు. విప్పిన బోల్టులు విప్పిన వరసలోనే పేర్చుకునేవాడు. చైను తుడిచి, బ్రేకు సరిచేసి, ఆయిలు మార్చి, భోజనాల వేళకు బండి నిలబెట్టేవాడు. రెండేళ్లు బండి కిక్కురుమనలేదు.

మూడో ఏడు మొదట్లో ఒక రోగి భార్య, వాకిట్లో నల్లటి ఆయిలు చుక్కలు చూపించి, మీ బండిదేనమ్మా అంది. ఆ వారమే వంతెన దిగుతుంటే వెనక చక్రం ఊగింది. ఆమె బండి దిగి, నడిపించుకుంటూ పాత షాపుకే వెళ్లింది.

మెకానిక్ చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఇరుసు నట్టు మీద రెండు వేళ్లు వేశాడు. అది చేత్తోనే తిరిగింది. కిందకు వంగి ఆయిలు బోల్టు చూశాడు. దాన్ని మాత్రం మరలు అరిగిపోయేంతగా బిగించేశారు. ఎవరు చేశారని అడిగితే, మా ఇంట్లోనే అని ఊరుకుంది.

"పని బాగా తెలిసినవాళ్లేనండి. చైను ఎంత వదలాలో అంతే వదిలారు. బిగింపు దగ్గరే తేడా. ఒకటేమో ఊపిరాడకుండా, ఒకటేమో గాలికి."

అంతా సరిచేసి కడగబోతుంటే ఆమె అడ్డుపడింది. కడగొద్దని, గ్రీజు మరకలు ఎక్కడివక్కడ ఉండనివ్వమని బతిమాలింది. మెకానిక్ నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు.

అప్పట్నుంచీ అదే తంతు. ఆదివారం మామగారు బిగించడం, సోమవారం షాపులో అవే మళ్లీ విప్పి బిగించడం. ఇంట్లో ఆయిలు ఖర్చు, షాపులో లేబరు ఖర్చు. పైగా చెడిపోయిన బోల్టులు. మునుపటికంటే ఎక్కువే అవుతోంది. భోజనాల దగ్గర మామగారు, ఈసారీ తొమ్మిది వందలు మిగిల్చామమ్మా అనేవాడు. ఆమె కక్కలేక మింగలేక, బండి బాగా నడుస్తోంది మామయ్యా అనేది.

భర్తకు చెప్పింది. అతనేమో, నాన్నకు ఈ ఇంట్లో నాది అని చెప్పుకోడానికి మిగిలిన పని అదొక్కటేనని, నర్సువి కదా, నువ్వయితే మెల్లగా చెప్పగలవని అన్నాడు. మీ నాన్నకు మీరు చెప్పాలి గానీ నేనెలా చెప్తానంది ఆమె. పిల్లి మెడలో గంట కట్టేవాళ్లు లేక మాట అక్కడితో ఆగిపోయింది.

బిగింపు తప్పడానికి కారణం ఆమెకు తెలియనిది కాదు. పొగలు కక్కే స్టీలు గ్లాసును ఆయన గుడ్డ లేకుండా పట్టుకుని నిదానంగా తాగుతుంటే చూసింది. షుగరు పదిహేనేళ్లది. కాళ్లలో మొదలైన మొద్దుబారడం చేతుల్లోకి వచ్చింది. పరాయి ఇళ్లలో అయితే మొదటిరోజే చెప్పేసేది.

ఒక సోమవారం షాపు మూసి ఉంది. మెకానిక్ చెల్లెలి పెళ్లట, మూడు రోజులు రాడట. తెలియని షాపుకు వెళ్దామంటే, వాడు బండిని తళతళలాడేలా కడిగి పంపితే ఇంట్లో ఏం చెప్పాలి? మెల్లగా నడుపుదాంలే అనుకుంది. బుధవారం స్కూలు మలుపులో ఇరుసు పక్కకు జరిగి, చైను పళ్లమీంచి ఊడి చక్రంలో ఇరుక్కుంది. ఆమె రోడ్డుమీద పడింది. మోకాలు, అరచెయ్యి గీరుకుపోయాయి. పెట్టె పగిలి కట్టుగుడ్డ చుట్టలు దొర్లుకుంటూ పోయాయి. ఎవరో పోగుచేసి ఇచ్చారు గానీ మట్టి అంటినవి దేనికీ పనికిరావు.

ఇంటికి వచ్చి తన మోకాలికి తనే కట్టు కట్టుకుంది. మామగారు ఆటోలో వచ్చిన బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. చాలాసేపటికి లోపలికి వచ్చి, ఇప్పుడొచ్చే నట్లన్నీ నాసిరకం అన్నాడు.

ఆమె అవుననవచ్చు. అనబోయింది కూడా. కానీ లేచి పెట్టెలోంచి పెన్ను లాంటిది తీసింది. దాని చివర నైలాను పోగు ఉంటుంది. షుగరు రోగుల పాదాలకు స్పర్శ ఉందో లేదో చూడటానికి వాడేది.

"మామయ్యా, ఒకసారి కళ్లు మూసుకుని చేతులు చాపండి. నేను ఎక్కడ ముట్టుకుంటే ఆ వేలు చెప్పండి."

ఆయన చిన్నపిల్లాడిలా కళ్లు మూసుకున్నాడు. ఆమె బొటనవేలు ముట్టింది. చూపుడువేలు, మధ్యవేలు. తర్వాత రెండో చెయ్యి.

"ఇంకా మొదలుపెట్టలేదా అమ్మా?" అన్నాడాయన.

ఆయన కళ్లు తెరిచేసరికి పోగు ఆయన ఉంగరం వేలిమీద వంగి ఉంది. దానివంక చూశాడు. ఆమె మోకాలివంక చూశాడు. లేచి వెళ్లి కుళాయి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

మూడు రోజులు ఇంట్లో ఎవరూ బండి ఊసెత్తలేదు. ఆదివారం పొద్దున ఆయన యథాప్రకారం దుప్పటి పరిచి కోడలిని పిలిచాడు.

"పానా నువ్వు పట్టు. నేను చెప్తుంటాను."

చైను ఎక్కించడం, చక్రం వరసకు తేవడం అన్నీ ఆయన చెప్పినట్టే చేసింది. చెప్పడంలో తడబాటేమీ లేదు. ఇరుసు నట్టు దగ్గర ఆగిపోయారు. ఆమె తిప్పింది. ఇక చాలా అని అడిగింది. ఇంకాస్త అన్నాడు. తిప్పి, ఇప్పుడో అంది. ఆయన పానా మీద చెయ్యి వేసి, వెంటనే తీసేశాడు.

"ఎంత బిగించాలి మామయ్యా?"

"అది నాకెప్పుడూ తెలీదమ్మా. చేతికి తెలిసేది."

అయినా మాటల్లో పెట్టబోయాడు. తిప్పుతూ పోతే ఒకచోట పట్టు దొరుకుతుందని, అక్కడినుంచి కొంచెమేనని, ఆ కొంచెం కూడా లోహాన్ని బట్టి మారుతుందని అన్నాడు. ఆమె కళ్లు మూసుకుని తిప్పి చూసింది. ఒకసారి అన్నిచోట్లా పట్టే అనిపించింది, ఒకసారి ఎక్కడా లేదనిపించింది. కొత్తగా చేరిన నర్సు అమ్మాయిలు సూది వెయ్యడానికి నరం ఎలా దొరుకుతుందక్కా అని అడిగితే తను కూడా మామయ్యలాగే మాటలకు తడుముకునేది.

గంట తర్వాత కూడా ఆ నట్టు సరిగా ఉందని ఇద్దరిలో ఎవరూ అనలేకపోయారు. షాపుకు తీసుకెళ్దామని ఆయనే అన్నాడు. ఎక్కొద్దు, నడిపించుకుపోదాం అన్నాడు. ఆమె హ్యాండిలు పట్టుకుంది. ఆయన వెనకనుంచి తోశాడు. కుంటుతున్న కాలితో ఆమె మాటిమాటికీ ఆగితే, ఆయనా ఆగేవాడు.

షాపు ఇంకా తెరవలేదు. ఆమె ఫోను తీసి, పదింటికి వస్తానన్న రోగి ఇంటివాళ్లకు ఆలస్యమవుతుందని చెప్పింది. ఎంతసేపని వాళ్లు అడిగారు. తెలియదంది. పానా తాత షట్టరు ముందు మెట్టుమీద కూర్చుని, అరచేతులు మోకాళ్లమీద బోర్లించుకుని, రోడ్డువంక చూస్తున్నాడు.