శుభ్రంగా తెచ్చానండి

నా పేరు అడగకండి. ఇన్నేళ్ళుగా ఒక పాపం నా గొంతులో తెమడలాగా అడ్డం పడి ఉంది. మింగడం చేతకాలేదు, ఉమ్మడం చేతకాలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీతో చెబుతున్నాను. తెలిసినవాళ్ళయితే "పాతకాలం సంగతి, ఇంకా ఎందుకండీ" అని ఓదారుస్తారు. ఆ ఓదార్పు తలుచుకుంటేనే నాకు రోత.

రాష్ట్రం ఏర్పడిన కొత్తలో జగ్గయ్యపేటలో ఒక డాక్టరుగారి దగ్గర పనిచేసేవాణ్ణి. నా పని మైక్రోస్కోపు. తెమడను గాజుపలక మీద పూసి, రంగు పట్టించి, క్షయ క్రిములు ఉన్నాయో లేవో చూసి చెప్పడం. ఉంటే నీలం మీద సన్నని ఎర్రపుల్లల్లా కనిపిస్తాయి. మా ఊళ్ళో ఎక్స్‌రే లేదు, బెజవాడ వెళ్ళాలి. నేను "ఉన్నాయి" అంటే డాక్టరుగారు బెజవాడ పంపేవారు, "లేవు" అంటే దగ్గుమందు ఇచ్చి ఇంటికి పంపేవారు. మనిషి బతుకు నా ఒక్క మాట మీద తిరిగేది. ఆ మాట చెప్పడానికి నాకు జీతం.

నిజం చెప్పాలంటే నాకు తెమడ అంటే రోత. ఆచారం గల ఇంట్లో పుట్టాను. ఎంగిలి అనే మాట మా ఇంట్లో రోజూ వినిపించేది. ఎవరిదో ఎంగిలి నేను తాకడమేమిటి? రోజూ ఇంటికి వెళ్ళగానే బావి దగ్గర నాలుగు చేదలు నెత్తిన గుమ్మరించుకునేవాణ్ణి. పైన పటారం, లోన లొటారం అంటారే, ఆ సామెత నా కోసమే పుట్టింది.

సుగుణమ్మ నందిగామలో చిన్నబడి పంతులమ్మ. ఊరి బయటి హరిజనపేటలో పుట్టి, మిషను బడిలో చదువుకుని పైకి వచ్చిన మనిషి. ఎడతెగని దగ్గు. జబ్బు సంగతి నందిగామలో పొక్కితే బడిలోకి రానివ్వరని బస్సెక్కి మా ఊరు వచ్చింది. చంకలో పాలుతాగే ఆడపిల్ల.

నేను మూత ఉన్న సీసా ఒకటి బల్ల మీద పెట్టి దూరంగా జరిగి, "ఉమ్మి పట్టుకురా" అన్నాను. ఉమ్మి అన్నాను. తెమడ అనలేదు. తెల్లవారగానే లేచి, లోపలినుంచి గట్టిగా దగ్గి తీసిన తెమడ కావాలని చెప్పడం నా పని. ఆ మాట పలకడానికి కూడా నాకు ఏవగింపు. ఆమెకు అక్కడే దగ్గు తెర వచ్చింది. నేను ముక్కు చిట్లించి, గోడ అవతలికి పొమ్మని చెయ్యి ఊపాను. ఆమె నా మొహం చూసింది. పంతులమ్మ కదా, మొహాలు చదవడం రాకుండా ఉంటుందా?

కాసేపటికి వచ్చింది. నోరు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని వచ్చింది. సీసాలో నీళ్ళలాంటి తేట ఉమ్మి.

"మీకు అసహ్యం వేస్తదేమోనని శుభ్రంగా తెచ్చానండి" అంది.

నాకు ప్రాణం హాయిగా ఉంది. సిగ్గుచేటు, అయినా చెబుతున్నాను, హాయిగా ఉంది. పలక మీద పూసి చూశాను. బుగ్గ లోపలి పొర ముక్కలు తప్ప ఏమీ లేవు. అంటే అది ఊపిరితిత్తుల నుంచి వచ్చింది కాదు, వట్టి నోటి తడి. అందులో క్రిముల కోసం వెతకడం ఎండిన బావిలో చేద వేయడమే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే, డాక్టరుగారితో "క్రిములు లేవండి" అన్నాను.

వెళ్తూ వెళ్తూ ఆమె నన్నే అడిగింది.

"అయితే పిల్లని పక్కలో వేసుకోవచ్చా అండీ? పదిరోజుల్నించి మా అమ్మ దగ్గర పడుకోబెడుతున్నా. పాలకి ఒకటే ఏడుపు."

"నీకేం లేదు. దర్జాగా వేసుకో."

ఆ మొహం ఎంత వెలిగిందో! అక్కడే పిల్లను ముద్దుపెట్టుకుంది.

పంటలు ఇంటికి వచ్చే రోజుల్లో ఆమె భర్త ఒక్కడే వచ్చాడు. పిల్లకు జ్వరం తగిలి, మెడ బిగిసి, ఫిట్లు వచ్చాయట. బెజవాడ తీసుకువెళ్ళినా దక్కలేదట. అది మెదడుకు ఎక్కిన క్షయ అని, అక్కడివాళ్ళు తల్లికి పరీక్ష చేయించమన్నారట. ఈసారి అతను తెచ్చిన సీసాలో చిక్కటి తెమడ, నెత్తుటి చారలతో. పలక నిండా ఎర్రపుల్లలే. పుట్టలో చెదల్లా కిక్కిరిసి ఉన్నాయి. నాకు వాంతి వచ్చింది. తెమడను చూసి కాదు.

మొదటిసారి ఎందుకు కనపడలేదని డాక్టరుగారు అడిగారు. ఒక్కోసారి జబ్బు ఉన్నా పలక మీద కనపడదండి అన్నాను. అది నిజమే, పుస్తకాల్లో ఉన్న నిజం. నిజాన్ని అడ్డం పెట్టుకుని ఆడిన అబద్ధం కంటే నీచమైంది ఉందా?

అదే నెలలో ముక్త్యాల ఆసామి ఒకాయన తేట ఉమ్మి తెస్తే, "ఇది పనికిరాదండీ, పొద్దున్నే లోపలినుంచి తీసి తీసుకురండి" అని వినయంగా తిప్పి పంపాను. ఆయన తెమడ తెమడే, ఆమెది ఎంగిలి. ఆయన మీరు, పంతులమ్మ నువ్వు. అసహ్యం తెమడ మీదే అయితే ఇద్దరిదీ ఒక్కటే కావాలి కదా? నాకు రోత పుట్టింది జబ్బు చూసి కాదు, మనిషిని చూసి. ఈ మాట నాలో నేను అనుకోవడానికే చాలా ఏళ్ళు పట్టింది.

సూదిమందుతో, బిళ్ళలతో సుగుణమ్మ బతికింది. కోలుకున్నాక డాక్టరుగారికి దండం పెట్టడానికి వచ్చి, నా బల్ల దగ్గర కూడా ఆగింది. మొదటిసారి తనే సరిగ్గా తెచ్చి ఉండదని, తన తెలివితక్కువతనం పిల్లను తినేసిందని తలవంచుకుని చెప్పింది. కాదమ్మా, నేనే అడగలేదు అనాలి. నోటి దాకా వచ్చింది. డాక్టరుగారు పక్కగదిలో ఉన్నారు. నేను పలకలు తుడుచుకుంటూ ఉండిపోయాను. ఆమె ఆ మాట నమ్మే బస్సెక్కింది.

పిల్ల చావుకు కారణం నా బద్ధకం అనండి, కులగర్వం అనండి. ఆ తల్లి నెత్తిన నేను పెట్టిన బరువుకు ఏ పేరు పెడతారు? తర్వాత నందిగామ మీదుగా ఎన్నిసార్లు బస్సులో వెళ్ళానో. ఒక్కసారీ దిగలేదు. ఆమె పోయిందని తెలిశాక, ఇక దిగక్కర్లేదని లోపల ఎక్కడో ఊరట కలిగింది. అదుగో, మళ్ళీ హాయి. నా మీద నాకు ఉమ్మెయ్యాలనిపించింది.

క్షమించమని అడగను. క్షమించాల్సిన మనిషి లేదు, మీకు ఆ హక్కు లేదు. ఒక్కటి మాత్రం వినండి. సుగుణమ్మ తప్పు తేలేదు. నేను ఏది అడిగానో అదే తెచ్చింది, నా మొహం చూసి శుభ్రం చేసి మరీ తెచ్చింది. తెమడ తెమ్మని నేను అడగలేదు.

అమ్మయ్య. బయటికి వచ్చింది. మీకు అసహ్యం వేస్తే వేయనివ్వండి. ఇది శుభ్రంగా తెచ్చింది కాదు.