రిమోట్ మంచం కింద పడిన రోజు

సహోదరులారా, సహోదరీలారా, నాలుగు మాటలు చెప్పమని అయ్యగారు నా చేతికి మైకు ఇచ్చారు గానీ మనుషుల ముందు మాట్లాడటం నాకు అలవాటు లేదు, నా బతుకంతా మేడల మీదే గడిచింది, అక్కడ కాకులు తప్ప వినేవాళ్లు ఉండరు. అయినా చెబుతాను, ఎందుకంటే మనిషి గొంతు కోసం ఎదురుచూస్తూ నెలల తరబడి ఒక గదిలో పడి ఉన్నవాణ్ణి నేను, ఆ గదిలోంచి దేవుడు నన్ను ఎలా బయటికి తెచ్చాడో చెప్పకపోతే ఈ నోరు ఉండీ ఏం లాభం!

నా పేరు ప్రభుదాసు. మాది బొబ్బిలి అవతల చిన్న పల్లె. పెళ్లయిన కొత్తలో ఈ విశాఖపట్నం వచ్చి గోపాలపట్నంలో మేడ మీద గది అద్దెకు తీసుకున్నాం. నేను డిష్ బిగించేవాణ్ణి. మొదట్లో కేబుల్ వైర్లు లాగేవాణ్ణి, తర్వాత ఇంటింటికీ బాక్సులు వచ్చాయి, ఆ తర్వాత డాబాల మీద డిష్‌లు పుట్టగొడుగుల్లా లేచాయి, దువ్వాడ దాకా, కూర్మన్నపాలెం స్టీల్ ప్లాంటు వాళ్ల ఇళ్ల దాకా, సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల రేకుల ఇళ్ల దాకా నేనే ఎక్కి బిగించాను. బొమ్మ రాగానే ఇంట్లో పిల్లలు కేకలు పెట్టేవాళ్లు, ముసలివాళ్లు దగ్గరికి జరిగి కూర్చునేవాళ్లు, నేను సామాను సర్దుకుని మెట్లు దిగిపోయేవాణ్ణి. అందరి ఫోన్లలోనూ నా పేరు డిష్ బాబు, అంతే, అసలు పేరు ఎవరూ అడగలేదు! ఆదివారాలు జనం ఇళ్లల్లో ఉంటారు కాబట్టి నాకు పని ఆదివారాలే ఎక్కువ, అందుకని ఈ ఊళ్లో ఏ చర్చి సంఘానికీ నా ముఖం తెలియదు.

ఒకసారి పెద్ద గాలివాన వచ్చి డిష్‌లన్నీ పక్కకు తిరిగిపోయాయి. ఫోన్ల మీద ఫోన్లు! కూర్మన్నపాలెంలో ఒక డాబా మీద పిట్టగోడ ఎక్కి డిష్ సరిచేస్తుంటే తడి గోడ మీద కాలు జారింది. కింద పడ్డాను. నడుము దగ్గర ఎముక విరిగింది, ఆపరేషన్ చేశారు, ప్రాణం నిలిచింది గానీ కాళ్లలో సత్తువ లేదు.

నన్ను తెచ్చి మా గదిలో మంచం మీద పడుకోబెట్టారు. నా భార్య కుమారి పొద్దున్నే నాకు అన్నీ చేతికందేలా పెట్టి రొయ్యల కంపెనీలో పనికి వెళ్లేది, చీకటి పడే వేళకు ఐసులో నానిన చేతులతో వచ్చేది. మధ్యలో నేనూ, ఆ టీవీ. మొదట్లో ఫోను మోగేది, "డిష్ బాబూ, బొమ్మ రావట్లేదు" అనేవాళ్లు, పడిపోయానని చెబితే "అయ్యో" అని ఇంకొకరి నంబరు అడిగేవాళ్లు. కొన్నాళ్లకు ఫోను ఎత్తటం మానేశాను. టీవీ మాత్రం ఆపేవాణ్ణి కాదు, ఆపితే గది నన్ను మింగేసేలా ఉండేది. ఎన్ని ఛానెళ్లు, ఎంతమంది మనుషులు, అందరూ నావైపే చూసి నవ్వుతారు, ఒక్కరికీ నేను కనబడను! ఈ ఊరంతటికీ అంత సందడి పంచినవాణ్ణి, మంచినీళ్లు ఒలికితే తుడిచే మనిషి లేక తడి పక్క మీదే సాయంత్రం దాకా పడుకున్నాను. చావు వస్తే బాగుండునని కోరుకున్న రోజులున్నాయి. కుమారితో "నువ్వు మీ అమ్మ దగ్గరికి ఎల్లిపో, నీ బతుకు నువ్వు సూసుకో" అని అనేశాను. అది నా చేయి గట్టిగా పట్టుకుని, "బావా, ఇంకోసారి ఆ మాటన్నావంటే నాను నీతో మాటాడను, సూడు" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

అలాంటి ఒక మధ్యాహ్నం ఛానెళ్లు మారుస్తూ ఉంటే ఒక ప్రార్థన కార్యక్రమం వచ్చింది, దాటించబోయేసరికి రిమోట్ చేయి జారి మంచం కిందికి పోయింది. వంగలేను, లేవలేను! కుమారి వచ్చేదాకా అదే ఛానెల్. మొదట విసుక్కున్నాను, తర్వాత విన్నాను, చివరికి టీవీలోని అయ్యగారు కార్యక్రమం చూస్తున్న ప్రతి ఒక్కరి కోసం కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంటే, చిన్నప్పుడు మా అమ్మ నేర్పిన ప్రార్థన ఎంత వెతికినా గుర్తు రాక, నా మాటల్లోనే గట్టిగా అడిగాను.

"ప్రభువా, ఆ అయ్యగారు అందరికోసం ప్రార్థన సేసీసినారు, ఆ అందరిలో నానున్నానో నేదో నాకు తెల్దు. నడిపించమని అడగడానికి కూడా నాకు దైర్యం సాల్దయ్యా. ఒక్క మనిషిని పంపు. ఒచ్చి ఈ మంచం పక్క కుర్చీలో కూకుంటే సాలు."

వెంటనే జవాబు వచ్చిందని నేను అబద్ధం చెప్పను. ఆ రోజు ఎవరూ రాలేదు. మరునాడూ రాలేదు. అడుగుతూనే ఉన్నాను.

తర్వాత ఒక ఉదయం మెట్ల మీద రొప్పుతూ, తిట్టుకుంటూ ఎవరో ఎక్కుతున్న చప్పుడు! తలుపు తోసుకుని వచ్చింది చేపలమ్మే నూకరత్నం, భర్త పోయి ఒక్కతే ఉండే పెద్దావిడ, ఆవిడ ఇంటికి కూడా నేనే డిష్ బిగించాను.

"ఏటయ్యా డిష్షు బాబూ, ఎన్నిసార్లు ఫోను సేసినా ఎత్తవేటి? వానలొచ్చిన కాడ్నించీ నా టీవీలో బొమ్మ నేదు, ఒక్కద్దాన్నీ గోడకేసి సూత్తన్నాను!" అంటూనే నన్ను చూసి గంప దించేసింది. "ఓలమ్మో! ఇలాగైపోనావేటి నాయనా!"

వచ్చి ఆ కుర్చీలోనే కూర్చుంది, సహోదరులారా! వెళ్లిపోతుందేమోనని భయంతో నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఆవిడ టీవీ కట్టేసి, "ఇంతకీ నీ పేరేటి బాబూ?" అంది. చెప్పాను. "పెబుదాసా! అయితే ఏసు పెబువు మనిసివి. మరి మీవోళ్లకి తెల్దా?" అంది. ఎవరికీ తెలియదన్నాను.

ఆ తర్వాత జరిగింది మన అయ్యగారు నాకు చెప్పారు. ఆదివారం పాటలు ముగిసేసరికి నూకరత్నం మన మందిరం గుమ్మంలో చేపల గంపతో నిలబడి ఉందట. "మీ మనిసొకడు ఈ సందు సివర మేడ మీద మంచాన పడున్నాడు, మీకెవులికీ తెల్దా? ఆడి పేరు పెబుదాసు. నాను సేపలమ్ముకోవాల, ఎవులైనా బేగా రండి!"

మీరు వచ్చారు. ఆ రోజు వచ్చినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. గది చాలక మెట్ల మీద నిలబడి పాట పాడారు, కుమారి పని నుంచి వచ్చి గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. స్టీల్ ప్లాంటులో పనిచేసే మన సహోదరుడొకాయన నన్ను వీపు మీద మోసి కిందికి దించి వ్యాయామాలు చేయించే ఆసుపత్రికి తీసుకెళ్లాడు, చాలా కాలానికి ఎండ నా ముఖం మీద పడింది, ఆటోలో కూర్చుని చిన్నపిల్లాడిలా జనాన్ని చూశాను! డాక్టర్ల వైద్యమూ, మీ ప్రార్థనా, రెండూ ఆ ప్రభువు ఇచ్చినవే. మెల్లగా కాళ్లకు బలం వచ్చింది. కర్రతో నడుస్తున్నాను. దేవునికే మహిమ!

నూకరత్నం టీవీ వేరేవాళ్లతో బాగుచేయించాను, అయినా "టీవీ పని టీవీదే, మనిసి పని మనిసిదే" అంటూ మా గదికి వస్తూనే ఉంది. ఆవిడ మన సంఘంలో చేరలేదు, సింహాచలం అప్పన్నకే దణ్ణం పెట్టుకుంటుంది. కానీ నా ప్రార్థనకు జవాబు ఆవిడ కాళ్ల మీద నడిచి వచ్చిందని చెప్పటానికి నేను సంకోచించను.

ఇప్పుడు మేడలు ఎక్కలేను కాబట్టి రీఛార్జ్ దుకాణంలో కూర్చుని ఫోన్లు ఎత్తుతాను. బొమ్మ ఆగిపోయిందని చేసేవాళ్లలో కొందరు, పని అయిపోయినా ఫోను పెట్టరు. ఎందుకు పెట్టరో నాకు తెలుసు. వాళ్ల పేరు అడుగుతాను, కాసేపు మాట్లాడతాను.

ప్రియులారా, ఒంటరిగా ఉన్నవాళ్లు మీలో ఉంటే ప్రభువుని నమ్మండి, నోరు తెరిచి అడగండి, చక్కటి మాటలు రాకపోయినా ఆయన వింటాడు. మీ వీధిలో మంచాన పడినవాళ్లు ఎవరైనా ఉంటే నాకు చెప్పండి, సభ అయ్యాక గుమ్మం దగ్గరే ఉంటాను. మెట్లు ఎక్కటానికి నాకు ఆలస్యమవుతుంది. కానీ వస్తాను.